గడ్డి అడిగితే రాయి చూపించు

పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుందిగా. లోయ అంచున పసుపుపచ్చ యంత్రం. దాని ముందు వరసగా ఎర్ర జెండాలు. యంత్రం నడిపేవాడు నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుని, "సోమవారం మొదలుపెడతాం. వెయ్యి గుంతలు. గుంతకో మొక్క" అన్నాడు. ఏం మొక్క అని అడిగితే, గొర్రెలు మూతి పెట్టని మొక్కట. అందుకే దాన్ని ఏరి ఏరి తెచ్చారట.

ఆ లోయ మాకేంటో ఒక్క ముక్కలో చెప్తాను. ఎండాకాలం చివరి నలభై రోజులు బీడంతా బోడిగుండులా ఉన్నప్పుడు మా ఇరవై ఇళ్ళ గొర్రెలు బతికేది అక్కడే. ఇంకో చోటు లేదు. దానికి మేం పేరు కూడా పెట్టలేదు. పేరంటూ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నోట్లోంచి జారుతుంది.

మరి దాని మీద ఎర్ర జెండాలు పాతించిన మహానుభావుడెవడు? ఎవడో అయితే ఈపాటికి వాడి ఇంటి ముందు నిలబడి నాలుగు తిట్లు తిట్టి వచ్చేవాణ్ణి. పాతించింది మేమే.

రెండేళ్ళ కిందట పటం మేడమ్ మా దగ్గరకి వచ్చింది. ఆఫీసులో ఆమెకి వేరే పేరు ఉంటుంది, మాకు మాత్రం పటం మేడమే. చాపంత పటం నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, రంగు పెన్సిళ్ళు మా చేతికిచ్చింది. "మంచి మేత ఉన్నచోట ఆకుపచ్చ వెయ్యండి. అక్కడ కంచె వేసి, నీళ్ళ తొట్టి కట్టి, మీకే ఉంచుతాం. ఎందుకూ పనికిరాని చోట ఎరుపు వెయ్యండి. అక్కడ మొక్కలు పెడతాం. బీడు మీది, మాట మీది. మీరు చెప్పిందే ప్రణాళిక" అంది.

మా నాన్న మాకు నేర్పిన చదువు ఒక్కటే. గడ్డి అడిగినవాడికి రాయి చూపించు. చుట్టమైనా, అధికారైనా, దేవుడే దిగొచ్చి అడిగినా సరే. నేను నాలుగో తరగతిలో బడి మానేశాను గానీ ఈ చదువులో మాత్రం ఫస్టు క్లాసు. రాళ్ళగుట్టకి ఆకుపచ్చ వేశాను. లోయకి ఎరుపు వేశాను. కాస్త గట్టిగానే వేశాను, పెన్సిల్ ముల్లు విరిగింది. ఇరవై ఇళ్ళవాళ్ళూ కింద వేలిముద్రలు వేశారు.

ఇప్పుడు రాళ్ళగుట్ట చుట్టూ బ్రహ్మాండమైన కంచె ఉంది. లోపల సిమెంటు తొట్టి, నిండా నీళ్ళు. అటు తొండ కూడా పోదు.

అందుకే శుక్రవారం మొదటి బస్సెక్కి నేనూ మా ఆవిడా మేతబీళ్ళ ఆఫీసుకి వచ్చాం. వచ్చి బయట బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. గోడ మీద ఒక పెద్ద బొమ్మ అతికించి ఉంది. అందులో ఒక గొర్రెల కాపరి నవ్వుతున్నాడు. ముప్పై రెండు పళ్ళూ ఉన్నాయి, చొక్కా మీద మరక లేదు. అలాంటి కాపరిని నేను నా జన్మలో చూడలేదు. బొమ్మ కింద 'ప్రజల భాగస్వామ్యమే మా బలం' అని రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. చదివాక ఇంకో వైపు తిరిగి కూర్చున్నాను.

"ఏమయ్యా, ఇంట్లో ఉంటే ఆఫీసులోళ్ళ మీద అరిచి అరిచి గొర్రెపిల్లల్ని బెదరగొడతావు. ఇక్కడికొచ్చాక నోట్లో నీళ్ళు పోసుకున్నావేం?" అంది మా ఆవిడ.

"లోపల ఎవరో ఉన్నారే."

"ఉంటే ఉండనీ. నిజం చెప్పడానికి చాటు కావాలా?"

"నిజానికే కావాలి. అబద్ధమైతే పదిమందిలోనూ చెప్పొచ్చు."

"అందులో నీకు అనుభవం ఉందిగా, వెళ్ళు" అని మోచేత్తో పొడిచింది. అప్పుడే లోపల్నుంచి మేడమ్ మమ్మల్ని పిలిచింది.

లోపలికి వెళ్ళి చూద్దును కదా, ఎవరైతే ఉండకూడదో వాడే ఉన్నాడు. మా బావ.

మా బావ అంటే మా అక్క మొగుడు. దిగువ మైదానంలో ఆవుల మందలున్నవాళ్ళ పెద్ద. మీసం తెల్లబడింది గానీ కూర్చునే తీరు మారలేదు. కుర్చీ తన తాతదన్నట్టు కూర్చుంటాడు. మాకూ ఆయనకీ మాటల్లేక పదకొండేళ్ళు. కరువు ఏడాది ఒకే ఒక్క నీళ్ళ మడుగు దగ్గర వాళ్ళ ఆవులూ మా గొర్రెలూ ఎదురుపడ్డాయి. ముందు పశువులు పొడుచుకున్నాయి, తర్వాత మనుషులు పొడుచుకున్నారు. మధ్యలో సర్ది చెప్పబోయిన మా అక్కని నేను, "నువ్వు ఆవులవాళ్ళ మనిషివి. నీకు మా బీడుతో పనేంటి? మా గుమ్మం తొక్కకు" అన్నాను. తొక్కలేదు. ఆమెకి నాకంటే పౌరుషం ఎక్కువ.

మేడమ్ గదిలో ఒక మేజా, దాని అవతల ఆమె, ఇవతల మూడు కుర్చీలు. పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా మేజా మీద పటం లేవబోతుంటే ఒక మూల కాగితాలకి చిల్లులు పెట్టే మిషను, ఇంకో మూల టీ గ్లాసు పెట్టి ఆపింది. నేను బావకి ఒక కుర్చీ ఎడంగా కూర్చుందామంటే మా ఆవిడ గబుక్కున ఆ చివరి కుర్చీలో కూర్చుంది. నాకు నడిమి కుర్చీ మిగిలింది. కావాలనే చేసింది, నాకు తెలుసు.

"మేడమ్, ఆయన్ని కొంచెం అటు జరగమనండి. గొర్రె వాసన" అన్నాడు బావ గోడ వైపు చూస్తూ.

"మేడమ్, ఈ కుర్చీకి పేడ అంటుకుందేమో, కొంచెం తుడిపించండి" అన్నాను నేను కిటికీ వైపు చూస్తూ.

"అన్నయ్యా, బాగున్నారా? వదిన బాగుందా?" అని మా ఆవిడ నా మీంచి వంగి పలకరించింది.

"బాగుందమ్మా. బయటే ఉంది, వెనక కుళాయి దగ్గర. లోపలికి రమ్మంటే రానంది. ఎందుకో నీకు తెలుసుగా" అన్నాడు బావ. మెత్తగానే అన్నాడు గానీ గొర్రె బొచ్చు కత్తిరించే కత్తెరలా తగిలింది.

మేడమ్ చేతి గడియారం చూసుకుంది. "ఇద్దరూ ఒకే పని మీద వచ్చారు కాబట్టి ఒకేసారి వింటాను. నాలుగింటికి మా పెద్దసారు వస్తారు. మొక్కల పని మీద ఆఖరి సంతకం ఇవాళే. అభ్యంతరాలుంటే ఆలోపే నాకు చెప్పాలి. ఆ తర్వాత బ్రహ్మ దిగొచ్చినా ఆపలేరు. ఊఁ, చెప్పండి."

ఒకే పని మీద? ఈయనకి మా లోయతో పనేంటి? ఎసరు పెట్టడానికే వచ్చి ఉంటాడనుకున్నాను. ఇప్పుడు ఈయన ముందు అక్కడ గడ్డి ఉందని నోరు జారితే, యంత్రం నుంచి లోయని కాపాడి ఆవుల నోట్లో పెట్టినట్టే. కుడితిలో పడ్డ ఎలుక గురించి వినడమే గానీ దాని బాధేంటో అప్పుడు తెలిసింది.

"అక్కడ గుంతలు తవ్వొద్దు మేడమ్" అన్నాను.

"ఎందుకు?"

"పాములు. ఒకటీ అరా కాదు. పుట్టలు పుట్టలు."

"యంత్రంతో కదా తవ్వేది. పాము యంత్రాన్ని కరవదు."

"ఆయన చెప్పింది నిజమే మేడమ్" అన్నాడు బావ. నేను ఉలిక్కిపడ్డాను. పదకొండేళ్ళలో ఈయన నా మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. "పాములే కాదు, కింద అంతా బండ. యంత్రం పళ్ళు ఊడిపోతాయి."

"గాలి కూడా మంచిది కాదు" అన్నాను.

"అవునవును. గాలికి మనిషికి తల తిరుగుతుంది" అన్నాడు బావ.

"నాకు ఇక్కడే తిరుగుతోంది" అంది మా ఆవిడ.

మేడమ్ ఒక్కొక్కటే రాసుకుంది. పాములు, బండ, గాలి. రాసి, కలం మూత పెట్టింది. ముఖంలో కోపం లేదు. కోపమైతే నాకు అలవాటే, తట్టుకునేవాణ్ణి. అలిసిపోయినట్టు ఉంది.

"మీకొకటి చూపిస్తాను" అని బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసింది. అందులోంచి ఒక ఫోటో తీసి పటం మీద పెట్టింది. ఆకాశం నుంచి తీసిన ఫోటోట. బీడంతా ఎండిన తోలు రంగులో ఉంది. నడిమధ్యలో మా లోయ, తమలపాకంత, పచ్చగా.

పైనుంచి ఎవడో అన్నీ చూస్తూనే ఉన్నాడన్నమాట. మేం కింద గొర్రెల మెడ గంటలు మోగకుండా గుడ్డలు కుక్కుకుని దొంగల్లా నడుస్తున్నాం.

"మా పెద్దసారు ఈ ఫోటో చూసి, 'ఇక్కడ మేత ఉంది, కాపరులు తప్పు చెప్తున్నారు, వాళ్ళు వేసిన రంగులు అవతల పారెయ్' అన్నారు. నేను ఒప్పుకోలేదు" అంది మేడమ్. "ఈ పచ్చదనం మేత కాదు, పశువు ముట్టని పిచ్చి ఆకు అని మీరే చెప్పారు కదా. పైగా మీరొక్కరే కాదు. గొర్రెల వాళ్ళు వేరేగా రంగులు వేశారు, ఆవుల వాళ్ళు వేరేగా వేశారు. మీరూ మీరూ మాట్లాడుకోరని నాకు తెలుసు. మాట్లాడుకోని రెండు గుంపులు ఒకే చోట ఎరుపు వేశాయంటే అది నిజం కాక ఇంకేమవుతుంది?"

ఆవుల వాళ్ళు కూడా ఎరుపు వేశారా? నేను మొదటిసారి బావ వైపు తిరిగి చూశాను. ఆయన ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. దానికి మూడే ఉన్నాయి. చాలాసేపు లెక్కపెట్టాడు.

మేడమ్ ఫైల్లో ఇంకో కాగితం తిప్పి నా ముందు పెట్టింది. "ఇది నేను సారుకి రాసింది."

చదవడం రాదని చెప్పి ఊరుకునేవాణ్ణే. మా ఆవిడ వినాలని కాబోలు, వేలు పెట్టి పైకే చదివాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ. 'ఈ నేల మీద తరతరాలుగా బతుకుతున్నవాళ్ళ మాట కంటే నాకు ఫోటో ఎక్కువ కాదు. వాళ్ళు చెప్పినట్టే ప్రణాళిక రాశాను. పొరపాటు వస్తే బాధ్యత నాది.' కింద సంతకం.

చివరి మాట దగ్గర నా వేలు ఆగిపోయింది.

నా నలభై తొమ్మిదేళ్ళ బతుకులో కుర్చీలో కూర్చున్నవాళ్ళు చాలామంది నన్ను చాలా అడిగారు. ఒక్కడూ నేను చెప్పింది చెప్పినట్టు రాసుకోలేదు. నేను రెండంటే నాలుగని రాసేవాళ్ళు, వద్దంటే సరే అన్నాడని రాసేవాళ్ళు. అందుకే ఆఫీసంటే నాకు ఒళ్ళు మంట. అలాంటిది, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి మా మాటని ఉన్నదున్నట్టు రాసుకుంది. దానికోసం పైవాడితో గొడవ పడింది. తన పేరు పందెం పెట్టింది. సరిగ్గా ఆ ఒక్కసారే మేం అబద్ధం చెప్పాం.

మా ఆవిడ నా మోకాలు గిల్లింది. గిల్లకపోయినా చెప్పేవాణ్ణే.

"మేడమ్, పాములు లేవు" అన్నాను.

ఆమె తలెత్తింది.

"బండా లేదు. గాలి బ్రహ్మాండంగా ఉంటుంది. అది పిచ్చి ఆకు కాదు. బీడు మొత్తంలో అంత తీపి గడ్డి ఇంకెక్కడా లేదు. ఎరుపు వేసింది నేనే. కావాలనే వేశాను. గడ్డి ఎక్కడుందో పరాయివాళ్ళకి చెప్పకూడదని మా నాన్న మాట. మీరు నమ్మకూడనివాళ్ళని నమ్మారు."

ఇంక ఆగలేదు, నోటి కట్ట తెగినట్టయింది. అంతా చెప్పేశాను. ఎండలు ముదిరి బయట ఇంక గడ్డిపోచ లేదన్న రోజు దాకా అటు కన్నెత్తి కూడా చూడం అని. దిగేముందు గంటల్లో గుడ్డలు కుక్కుతామని. మొదట పాలిచ్చే గొర్రెలు, తర్వాత పిల్లలు, పొట్టేళ్ళు ఆఖర్న అని. విత్తనం రాలకముందు ఒక్క గిట్ట కూడా లోపల పెట్టకూడదని.

మేడమ్ అరవలేదు. కాసేపు రెండు చేతుల్లో ముఖం పెట్టుకుంది. తర్వాత, ఒట్టేసి చెప్తున్నాను, ఆమె నవ్వింది. ఏడుపుకి పక్కింటి నవ్వే గానీ నవ్వే. "అంటే ఫోటో చెప్పిందే నిజమా?"

"ఫోటోకి మా నాన్న తెలీదు కదమ్మా" అంది మా ఆవిడ. ఆమె ఉద్దేశం తన మామగారని. మా ఇంట్లో అందరికీ ఆయన నాన్నే.

"విత్తనం రాలిందని మీకెలా తెలుస్తుంది? లోపలికి వెళ్ళకూడదన్నారుగా" అంది మేడమ్. ఏడ్చే పని పక్కనపెట్టి పనిలో పడింది. అప్పుడే నాకు ఆమె మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

"లోయ నోట్లో ముళ్ళకంప అడ్డం పడి ఉంటుంది. కంప ఉన్నన్ని రోజులూ దిగకూడదు. ఒకరోజు చూస్తే కంప పక్కకి లాగేసి ఉంటుంది. అప్పుడు దిగొచ్చు."

"ఎవరు లాగుతారు?"

"తెలీదు. అడగకూడదు. కంప పట్టేవాళ్ళెవరో ఒక్కరికే తెలియాలి, వాళ్ళకే. లేకపోతే ఇంటిముందు జనం చేరతారు, నా గొర్రె చస్తోంది, ఒక్కరోజు ముందు తియ్యి అని. ముందు మా నాన్న అని అనుమానం. ఆయన పోయాక ఎవరో నాకు తెలీదు. ఎవరైతేనేం, రోజు తప్పలేదు."

బావ గట్టిగా దగ్గాడు. దగ్గు వచ్చి దగ్గినట్టు లేదు.

మేడమ్ ఆయన వైపు తిరిగింది. "మరి మీరెందుకు ఎరుపు వేశారు?"

బావ మీసం దువ్వుకున్నాడు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. "అదే ఎందుకు" అన్నాడు చివరికి.

"ఏది ఎందుకు?"

"ఆయన ఎందుకు వేశాడో అందుకే. మా ఆవులు కూడా అక్కడే మేస్తాయి. చలికాలం చివర్లో, ఇరవై రోజులు."

నేను లేచి నిలబడ్డాను. గోడలూ కిటికీలూ మర్చిపోయి సూటిగా ఆయన్నే అడిగాను. "ఎన్నాళ్ళనుంచి?"

"ముప్పై ఏళ్ళు" అన్నాడు ఆయన కూడా సూటిగా.

"అబద్ధం! ఆవు దిగితే పేడ ఉండదా? పేడ కనపడదా నాకు?"

"రోజూ గంపకి ఎత్తేస్తాం. ఒక్క ముద్ద మిగలదు."

"గిట్టల గుర్తులు?"

"కంప తిరగేసి ఈడుస్తాం."

"ఆ చోటు నీకు ఎవడు చూపించాడు?"

బావ నా ముఖంలోకి చూశాడు. పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి నన్ను వరసపెట్టి పిలిచాడు. "బావమరిదీ, ఎవడు కాదు. మీ అక్క."



"పెళ్ళయిన ఏడాదే కరువొచ్చింది" అన్నాడు బావ. "పదిహేను ఆవులు పడిపోయాయి. పదహారోది పడుతుంటే మీ అక్క దాని మెడ పట్టుకుని ఏడ్చి, 'పదండి' అని నన్ను తీసుకెళ్ళింది. లోయలో నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. చలి పోయే లోపు బయటికి రావాలి, పైన ముదురు గడ్డే మేపాలి, దుబ్బు తెంపకూడదు, పేడ వదలకూడదు. ఒక్కరోజు ఎక్కువుంటే నేనే వెళ్ళి మా తమ్ముడికి చెప్తాను అంది. నేను చాలామందికి భయపడను గానీ మీ అక్కకి భయపడతాను."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. ఇంటి గుట్టు గడప దాటించింది కదా అని. కానీ ఆ కోపం వెనకాలే ఇంకోటి వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. మా లోయలో గడ్డి ఎండాకాలంలో కూడా చిగురులా మెత్తగా ఉండటం ఏంటని మా వాళ్ళంతా వింతగా చెప్పుకునేవాళ్ళు. నేల మహిమ అనుకున్నాం. మా నాన్న పుణ్యం అనుకున్నాం. ముదురు గడ్డిని ఆవులు కొరికేస్తే, అడుగు చెమ్మకి దుబ్బు మళ్ళీ చిగురేస్తుంది. ఆ చిగురే మా గొర్రెలు తిన్నాయి. ముప్పై ఏళ్ళు మా మందని మేపింది ఆవుల నోళ్ళన్నమాట. ఆ మడుగు దగ్గర, ఆవు మూతి పెట్టిన నీళ్ళు మా గొర్రె తాగదని అరిచింది కూడా నేనే.

"కంప లాగేది కూడా అక్కేనా?" అన్నాను.

"మీ నాన్న పోయేముందు ఆమెకే అప్పజెప్పాడు. నీకెందుకు ఇవ్వలేదంటావేమో, నీ నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలుసు. ఇందాక చూశాంగా" అన్నాడు బావ.

మా ఆవిడ ఇది విని ఎంత సంతోషించిందంటే, కొంగు నోట్లో పెట్టుకున్నా ఆగలేదు. మేడమ్ కూడా నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. ఏం చేస్తాను.

"ఆగండాగండి" అని మేడమ్ తెల్ల కాగితం తీసింది. "మీరిద్దరూ ఒకే కాగితం మీద రాసి, పాత రంగులు తప్పని ఒప్పుకుని, ఏ నెల ఎవరు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఖాళీగా ఉంచాలి అన్నీ చెప్తే, రూలు ప్రకారం మళ్ళీ విచారణ జరిగేదాకా యంత్రం కదలకూడదు. సారు నన్ను తిడతారు. తిట్టనీ. మాట తప్పయినప్పుడు ఒప్పుకోవడం కూడా బాధ్యతే." గడియారం చూసింది. మూడూ ఇరవై. "కానీ మీ ఇద్దరివీ కలిపినా ఏడాది నిండట్లేదు. గొర్రెలు ఎండాకాలం చివర. ఆవులు చలికాలం చివర. మిగతా అంతా ఆ కంప పట్టే మనిషికే తెలుసు. ఆమె లోపలికి రావాలి."

బావ కుర్చీలోంచి లేవలేదు. "నేను పిలిస్తే రాదు మేడమ్" అని నా వైపు చూశాడు. మా ఆవిడా నా వైపే చూసింది. మేడమ్‌కి సంగతి తెలీకపోయినా, అందరూ చూస్తున్నారని ఆమె కూడా చూసింది.

తలుపు దాకా ఆరడుగులు ఉంటుంది. ఎండలో పది మైళ్ళు నడిచినప్పుడు కూడా కాళ్ళు అంత బరువెక్కలేదు.

అక్క కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. చేతుల మీద ముళ్ళు గీరుకున్న గీతలు, పాతవి, కొత్తవి. పదకొండేళ్ళు నేను మాట్లాడకపోయినా, గుమ్మం తొక్కద్దన్నా, ఏటా ఆ కంప లాగి నా గొర్రెలకి దారి వదిలిన చేతులు. నన్ను చూసింది. పలకరించలేదు. పలకరించాల్సింది తను కాదని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

దారి పొడుగునా నాలుగు మాటలు పేర్చుకున్నాను. అందులో ఒక్కటీ రాలేదు.

"అక్కా" అన్నాను. "లోపల కుర్చీ ఉంది. వచ్చి కూర్చో."

"ఎవరిది కుర్చీ?"

"నాదే. నేను నిలబడతాను."

ఆమె లేచి చీర దులుపుకుంది. "ఎన్నాళ్ళు నిలబడతావు?"

"నువ్వు కూర్చోమనే దాకా."

"అయితే కాళ్ళు గట్టిపడతాయిలే" అని నా ముందు నడిచింది. నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, "చిక్కిపోయావురా. నా మరదలు తిండి పెట్టట్లేదా?" అంది. అంతే. పదకొండేళ్ళు అక్కడితో అయిపోయాయి. ఇంకా పెద్ద గొడవ అవుతుందని ఎదురుచూసిన నాకు కొంచెం మోసపోయినట్టు కూడా అనిపించింది.

లోపల ఆమె నా కుర్చీలో, మొగుడికీ మరదలికీ మధ్య కూర్చుంది. మేడమ్ అడిగినకొద్దీ చెప్పింది. వాన పడిన మొదటి రెండు నెలలు ఎవరూ దిగకూడదు. పువ్వు పూసేటప్పుడు, విత్తనం కట్టేటప్పుడు, విత్తనం రాలాక పదిరోజులు కూడా అంతే. వాన తక్కువైన ఏడాది ఆవులకి ఇరవై కాదు పన్నెండు రోజులే. మేడమ్ కలం ఆగకుండా రాసింది. నేనూ బావా ఇద్దరం నోళ్ళు తెరుచుకుని విన్నాం. మా గొర్రెల గురించీ వాళ్ళ ఆవుల గురించీ మాకు తెలీనివి ఆమెకి తెలుసు. మూడూ నలభైకి కాగితం పూర్తయింది. బావ సంతకం పెట్టాడు. నేను నా నాలుగో తరగతి సంతకం పెట్టాను. అక్క వేలిముద్ర వేసింది.

"నాన్నకి తెలుసా, నువ్వు బావకి చూపించావని?" అని మెల్లగా అడిగాను.

"నాన్నకి తెలీకుండా ఆ బీడులో గొర్రె దగ్గిందా ఎప్పుడైనా?" అంది. అని, పటం మీదకి వంగింది. ఆమె వేలు లోయని దాటి ఉత్తరానికి జరిగింది. ఎవరూ ఏ రంగూ వెయ్యని తెల్లటి చోట ఆగింది.

"నిజం చెప్పడం మొదలెట్టాం కాబట్టి ఇది కూడా రాసుకో తల్లీ. ఒకటి కాదు, రెండున్నాయి. ఇది రెండోది. వరసగా మూడేళ్ళు వాన లేకపోతే తప్ప కంప తియ్యకూడదు. నాన్న నాకొక్కదానికే చూపించాడు. లోయ కంటే పెద్దది. వీళ్ళిద్దరికీ కూడా తెలీదు."

నేను బావ వైపు చూశాను. బావ నా వైపు చూశాడు. ఇద్దరికీ నిజంగానే తెలీదు.

మేడమ్ కుర్చీలోంచి లేచింది. ముఖంలో రక్తం లేదు. "అక్కడా? సరిగ్గా అక్కడేనా?"

"కళ్ళకి గంతలు కట్టినా వెళ్తాను."

"అక్కడ ఎవరూ రంగు వెయ్యలేదు. ఎవరికీ అక్కర్లేదనుకున్నాను. నిన్న పొద్దున్నే దాన్ని రాయి తవ్వుకునేవాళ్ళకి రాసేశాం. సంతకం..." మేడమ్ మళ్ళీ పటం వైపు చూసింది. "సంతకం నాదే."

బయట జీపు వచ్చి ఆగిన చప్పుడైంది. పెద్దసారు పావుగంట ముందే వచ్చాడు. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరికి వస్తోంది.

అక్క పటం మీంచి వేలు తియ్యలేదు. మేడమ్ ముఖంలోకి చూసి, చంటిపిల్లని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"ఆ కాగితం ఇంకా ఈ గదిలోనే ఉందా తల్లీ, గడప దాటిందా?"